చింతయు, చేతయు

ఉదయమున నిద్ర లేచినది మొదలు రాత్రి కన్ను మూయువఱకు సామాన్యగృహస్థుని మనస్సున నెన్నియో చిన్నచిన్న భయములు మెదలుచుండును. బిడ్డ పరీక్ష యెట్లు వ్రాసెనో, అద్దెకును వడ్డీకిని ఈ నెల జీతము చాలునో చాలదో, ముసలితల్లి దగ్గు తగ్గునో తగ్గదో, దూరదేశమందున్న కుమారుని యుద్యోగము నిలుచునో నిలువదో యను నిట్టివి. వీనిలో నేదియు మహావిపత్తు గాదు. ఏదియు పత్రికల కెక్కదగినది గాదు. అయినను మనుష్యుని యాయువులో నధికభాగమును హరించుచున్నవి యివియే. ఇల్లు కాలినను, ఆప్తుడు మరణించినను ఇరుగుపొరుగువారు వచ్చి నిలుతురు, బంధువులు పరామర్శింతురు. ఈ నిత్యచింతకు పరామర్శించువారు లేరు. దీనిని రోగ మనరు, కష్టమనియు ననరు. “చింత లెవరికి లేవు?” అని యొక్క మాటతో త్రోసివేయుదురు. ఆ మాట నిజమే. అందఱికిని కలదగుటచేతనే యిది విచారింపదగిన విషయమైనది.

చింత యను పదమునకు మొదటి యర్థము ఆలోచన. కాలక్రమమున నది మన భాషలో దుఃఖముతో గూడిన యాలోచనకు మాత్రమే పేరైనది. విచార మను పదమునకును నదియే గతి పట్టినది. సంస్కృతమున విచార మన పరిశీలనము, మంచిచెడ్డల నిర్ణయము. తెలుగున విచార మన నేడు దిగులు. న్యాయస్థానమున మాత్రము విచారణ యను రూపమున నా పాత యర్థము నిలిచియున్నది. ఆలోచన యెట్లు దిగులుగా మాఱునో ఆ కథ యంతయు నీ రెండు పదముల చరిత్రయందే కలదు. నిర్ణయమునకు రావలసిన మనస్సు నిర్ణయమునకు రాక, విడువవలసినదానిని విడువక, అక్కడనే తిరుగాడుచుండుటయే చింత. విచారమును మరల విచారణగా మార్చుట సాధ్యమా, సాధ్యమైనచో నెట్లు అనునదియే యిచట ప్రశ్న.

భయమువలని మేలు

భయము సర్వదా శత్రువు గాదు. భయ మెఱుగని ప్రాణి చిరకాలము బ్రతుకజాలదు. తీరాంధ్రవాసులకు దీని నెవ్వరును బోధింప నక్కఱలేదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వచ్చిన తుపాను ఉప్పెనయై దివిసీమను ముంచివేసినది. వేలకొలది జనులు నీటిపాలైరి. గ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ దుర్దినము పిమ్మట తీరవాసుల హృదయములయందు భయము స్థిరముగా నిలిచినది. కాని యది వట్టి దిగులుగా నిలువలేదు. తుపాను రక్షణ భవనముల రూపమును దాల్చినది; ముందుహెచ్చరిక యైనది; జనులను సకాలమున తరలించు నేర్పాటైనది. 1990వ సంవత్సరము మే నెలలో దాదాపు అంతటి తీవ్రమైన తుపానే కృష్ణానది సాగరసంగమ ప్రాంతమున తీరము దాటెను. అప్పటికి లక్షలకొలది జనులను సురక్షితస్థలములకు చేర్చియుండిరి. ప్రాణనష్టము వేయికి లోపల నుండెను. అది యల్పనష్ట మని యెవ్వ రందురు? అయినను వెనుకటి యుప్పెనతో పోల్చి చూచినచో, భయము సరియైన త్రోవను నడిచినయెడల నెన్ని ప్రాణములు దక్కునో బోధపడగలదు.

అదే తీరమున ప్రజలు రాత్రియెల్ల మేలుకొని, ఆకాశమువంక చూచుచు, రేపేమగునో యని కుములుచు కూర్చున్నయెడల నొక్క ప్రాణమైనను దక్కియుండదు. భయమునకును చింతకును గల భేద మిదియే. భయ మొక కార్యమును సూచించును. ఆ కార్యము ముగియగనే నిష్క్రమించును. చింత యే కార్యమును సూచింపదు. ఒకే ప్రశ్నను వేయిమాఱు లడుగుచు జవాబునకు చెవి యొగ్గదు. గానుగకు కట్టిన యెద్దు దినమంతయు నడచి సాయంకాలమునకు బయలుదేఱినచోటనే యుండును. అయినను గానుగయెద్దు నడకవలన నూనె యైనను వచ్చును. చింతవలన నదియు రాదు.

దేహమున చింత చేయు పని

చింత మనస్సునకు సంబంధించినదే గాని దేహమున కేమి యని కొందఱు తలంతురు. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టరు కానను అను శరీరశాస్త్రజ్ఞుడు విద్యార్థిదశయందే దీనికి సమాధానము కనుగొన నారంభించెను. ఎక్సురేలు అప్పుడే క్రొత్తగా కనుగొనబడినవి. వాని సాయమున నాతడు పిల్లుల జీర్ణకోశపు కదలికలను పరిశీలించుచుండెను. పిల్లి ప్రశాంతముగా నున్నంతసేపు కడుపులోని కదలికలు క్రమముగా సాగుచుండెను. అది బెదరినను, కలత చెందినను అవి తటాలున నాగిపోవుచుండెను. ఈ చిన్న విషయమే యాతని నేండ్లతరబడి పరిశోధనకు పురికొల్పినది. 1915లో నాతడు తన నిర్ణయములను గ్రంథముగా ప్రకటించెను. ఆపద యెదురైనపుడు దేహము పోరాటమునకో పలాయనమునకో సిద్ధమగును. మూత్రపిండములమీది గ్రంథులనుండి అడ్రినలిను రక్తమున కలియును. గుండె వడివడిగా కొట్టుకొనును, శ్వాస హెచ్చును, రక్తమున చక్కెర పెరుగును, జీర్ణక్రియ నిలిచిపోవును. పులి యెదురైనవానికి భుజించిన యన్నము జీర్ణమగుటకంటె పరుగెత్తుట ముఖ్యము గదా!

ఇంతవఱకు ప్రకృతి చేసిన యేర్పాటు నిర్దుష్టము. చిక్కు తరువాత వచ్చినది. పులి కొంతసేపటికి వెడలిపోవును. లేదా మనుష్యుడు తప్పించుకొనును. పిదప దేహము మరల కుదుటబడును. అప్పులవాని కబురు అట్లు వెడలిపోవదు. కొలువు పోవునేమో యను శంక నెలలతరబడి యింటనే కాపురముండును. పులిని చూచినపుడు సిద్ధమైన దేహమే, ఈ శంకకును సిద్ధమై, కొట్టుటకు గాని పాఱుటకు గాని తావు లేక బిగిసికొనియుండును. చింతాగ్రస్తునికి ఆకలి మందగించుట, కడుపున మంట, మెడయు భుజములు పట్టివేయుట, నిద్రకు భంగము కలుగుట యందువలననే. ఒక్కొక్క లక్షణమునకు ఒక్కొక్క మాత్ర మ్రింగుచు మూలమును మఱచువారు మనలో కొల్లలుగా నున్నారు.

మన ప్రాచీనవైద్యులు దీని నెఱుగకపోలేదు. దేహసంబంధమైన వేగముల నిరోధింపరాదనియు, లోభము, శోకము, భయము, క్రోధము మొదలగు మనోవేగములను మాత్రము నిగ్రహింపవలెననియు చరకసంహిత విధించినది. అతిచింతనము రసధాతువు ప్రవహించు మార్గములను చెఱచునని యా గ్రంథమే చెప్పుచున్నది. పరిభాష వేఱు, కాలము వేఱు. మనస్సున మితిమీఱి త్రిప్పిన తలంపు దేహమునకు చేటు తెచ్చునను పరిశీలన మొక్కటే.

ఏల విడువము?

హాని తెలిసియు మనము చింత నేల విడువము? చింత కర్తవ్యమువలె వేషము వేసికొని వచ్చుటయే మొదటి కారణము. రాత్రి పదిగంటలైనను కుమారు డిల్లు చేరలేదు. తల్లి గుమ్మమువద్ద నిలిచియుండును. తండ్రి నిద్రించినచో “బిడ్డమీద మీకు ప్రేమ లేదు” అను మాట వెలువడును. మన యిండ్లలో చింతను ప్రేమకు కొలతపాత్రగా నేర్పఱచుకొంటిమి. ఎవ రెక్కువ దిగులు పడుదురో వా రెక్కువ ప్రేమించినవారని లెక్క. పరదేశమందున్న కుమార్తె ఫోనుచేయుట ఒక్కదినము తప్పినచో నన్నము ముట్టని తల్లి యున్నది. ఆమె ప్రేమను శంకింప నెవ్వరికి నధికారము లేదు. కాని యామె యుపవాసమువలన కుమార్తె కేమి యొనగూడినది? తల్లి దిగులు పడునని వెఱచి యా కుమార్తె తన కష్టములను దాచుకొన నేర్చినది. చింత యెక్కువైన యింట నిజము చెప్పువారు తక్కువగుదురు. ప్రేమకు గుఱుతుగా పెంచిన మొక్క ప్రేమించినవారి నడుమనే కంచె యగుచున్నది.

రెండవ కారణము మఱింత సూక్ష్మమైనది. కుమారుడు పదకొండుగంటలకు క్షేమముగా నిల్లు చేరును. తల్లి మనస్సు తనకు తెలియకయే యొక తప్పులెక్క వేసికొనును: “దిగులు పడితిని, ఆపద తప్పినది.” తన కోడియు కుంపటియు లేనిచో నూరికి తెల్లవాఱదనుకొన్న యవ్వ కథ మన మందఱ మెఱిగినదే. నవ్వుకొన్నదియు మనమే, దినదినము నా యవ్వవలె వర్తించుచున్నదియు మనమే. జరుగని ప్రతి యాపదయు చింత ఖాతాలో జమయగుచున్నది. అందుచే మఱునాడు చింతింపకుండుటకే భయము కలుగును.

ఈ లెక్కను కాగితముపై వేసి చూచినవారు కలరు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించిన పరిశీలనమున, చింత వ్యాధిగా ముదిరిన 29 మందిచే వారి వారి భయములను వ్రాయించి, వానిలో నెన్ని నిజమైనవో తరువాత సరిచూపించిరి. నూటికి 91కి మించిన భయములు నిజము కాలేదు. తమ భయములు నిజముగాలేదని హెచ్చుగా కనుగొన్నవారికి వ్యాధియు హెచ్చుగా తగ్గినది. పరీక్షకు లోనైనవారు కొద్దిమందియే. అయినను ఈ పరీక్షను ప్రతి గృహస్థుడు నొక నోటుపుస్తకముతో తన యింటనే చేసికొనవచ్చును. నేటి భయమును తేదీ వేసి వ్రాసి, నెల గడిచిన పిమ్మట చదువుకొనుటయే దానికి కావలసిన సాధనసంపత్తి. మిగిలిన తొమ్మిదింటి మాట యేమని యడుగవచ్చును. అవి నిజముగనే జరుగును. జరిగినపుడు వానికి కావలసినది బలము. ఆ బలమును ముందుగనే చింత తినివేసియుండరాదు.

బౌద్ధవాఙ్మయమున రెండు బాణముల దృష్టాంతము కలదు. అమరావతీ నాగార్జునకొండ శిల్పములను చెక్కించిన మన పూర్వులకు సుపరిచితమైన ధర్మమది. మొదటి బాణము వెలుపలినుండి వచ్చి తగులును. దానిని తప్పించుకొనుట యన్నివేళల సాధ్యము గాదు. రెండవ బాణమును దెబ్బతిన్నవాడే తలపోతల రూపమున తనపై వేసికొనును. నిత్యచింతయందు మొదటి బాణ మింకను రాకమునుపే రెండవది గ్రుచ్చుకొనుచున్నది.

చేయదగిన పనులు

“చింతింపకుము” అని చెప్పుట సులభము. విను మనస్సు లేదు. కోతిని తలంపక మందు త్రాగుమని చెప్పిన వైద్యుని కథవలె, వలదన్న కొలదియు నదియే గుర్తు వచ్చును. కావున నిషేధముకంటె వాయిదా మేలు. 1983లో అమెరికాలో థామసు బోర్కోవెకు అను మనశ్శాస్త్రజ్ఞుడును ఆతని సహచరులును ఒక పద్ధతిని పరీక్షించి ప్రకటించిరి. దినమునకు అరగంటసేపు చింతకు కేటాయింపవలెను. ఆ యరగంట యొకే వేళ, ఒకే చోట నుండవలెను. తక్కిన వేళల చింత తలయెత్తినపుడు దానితో పెనగులాడక, “నీ వేళ సాయంకాల మయిదుగంటలకు, అప్పుడు రమ్ము” అని చేయుచున్న పనికి మరలవలెను. దీనిని పాటించినవారికి చింత తగ్గినట్లు తేలినది. న్యాయస్థానములయందు వాయిదాలు కక్షిదారులకు చెఱుపు చేయవచ్చును గాని, మనస్సునకు వాయిదా మేలే చేయును. అయిదుగంటలవఱకు నిలిచిన చింతలు కొన్నియే. ఉదయమున పర్వతమువలె తోచినవి పలువేళల సాయంకాలమునకు గుర్తైనను రావు. ఆ యరగంటకు పడకమంచముగాని భోజనపు పీటగాని తగిన చోటు గాదు. నిద్రకును అన్నమునకును కేటాయించిన తావులను వానికే విడువవలెను.

ఆ యరగంటలో నేమి చేయవలెను? కాగితమును కలమును పుచ్చుకొని, “ఏమగునో” యను ప్రశ్నను “ఏమి చేయవలెను” అను ప్రశ్నగా మార్చి వ్రాయవలెను. “కుమారుని చదు వేమగునో” యనుదానికి బ్రహ్మయు జవాబు చెప్పలేడు. “జూన్ నెలలో కళాశాలకు కట్టవలసిన సొమ్మెంత, ఇప్పు డున్నదెంత, తక్కువైనదెంత, ఎవరి నడుగవలెను, ఏ తేదీలోపల” అను నైదు ప్రశ్నలకు గృహస్థుడే జవాబు చెప్పుకొనగలడు. జవాబులు తృప్తికరముగా నుండకపోవచ్చును. సొమ్ము నిజముగనే చాలకపోవచ్చును. అయినను ఆకారము లేని భయముకంటె అంకె గల కొఱత మేలు. అంకె తెలిసినచో నడుగుటకు నోరు వచ్చును.

వ్రాసినవానిని రెండుగా విభజింపవలెను: మన చేతిలో నున్నవి, లేనివి. దాస్యమున పుట్టిన గ్రీకుతత్త్వవేత్త ఎపిక్టెటసు మొదటి శతాబ్దముననే ఈ విభజనమును తన బోధకు పునాదిగా చేసికొనెను. కర్మయందే యధికారము గాని ఫలమునందు లేదను గీతాబోధయు నా త్రోవలోనిదే. దీనికి డెల్టారైతు జీవితమే మంచి యుదాహరణము. వరి కోతకు వచ్చినది. బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదని కబురు వచ్చినది. వాన నాపుట యెవ్వరి చేతిలోను లేదు. కోసిన పనలను కుప్ప వేయించుట, కోయని చేను రెండు దినములు నిలుపవలెనా యని నిర్ణయించుట, పరదాలు సంపాదించుట, మురుగుకాలువకు గండి కొట్టియుంచుట రైతు చేతిలోనివి. ఆ నాలుగు పనులు చేసిన రైతు రాత్రి నిద్రపోయినచో వానిని బాధ్యత లేనివాడనరాదు. చేయవలసినది చేసినవానికే నిద్రించు నధికారము కలదు.

నిద్రకు ముందు రేపటి పనులను వ్రాసిపెట్టుకొనుట మఱియొక సులభోపాయము. 2018లో అమెరికాలోని బేలరు విశ్వవిద్యాలయ పరిశోధకులు 57 మంది యువతీయువకులను పరీక్షించిరి. కొందఱు పడుకొనుటకు ముందు అయిదునిమిషములసేపు రాబోవు దినములలో చేయవలసిన పనులను వ్రాసిరి. కొందఱు చేసి ముగించిన పనులను వ్రాసిరి. రేపటి పనులను వ్రాసినవారు రెండవ తెగవారికంటె సగటున తొమ్మిదినిమిషములు ముందుగా నిద్రించిరి. ఎంత వివరముగా వ్రాసిన నంత శీఘ్రముగా నిద్ర పట్టినది. మఱచిపోవుదునేమో యను భయమున మనస్సు ప్రతిపనిని మాటిమాటికి వల్లించుచుండును. కాగితము జ్ఞాపకముంచుకొనునని నమ్మకము కలిగినపుడు వల్లించుట మానును.

దేహమును శాంతింపజేయుటకు శ్వాస దగ్గఱి దారి. ఊపిరి పీల్చునపుడు గుండె కొంచెము వేగమగును, విడుచునపుడు నెమ్మదించును. కావున నిశ్వాసమును దీర్ఘము చేసినకొలది గుండెకు విశ్రాంతి కలుగును. 2001లో ఇటలీ దేశపు వైద్యపరిశోధకులు 23 మందిచే లాటినుభాషలోని జపమాల ప్రార్థనమును, తరువాత బౌద్ధమంత్రమును పఠింపజేసి పరీక్షించిరి. రెండింటియందును శ్వాస నిమిషమున కాఱుమాఱుల సమీపమునకు దిగినది. హృదయరక్తప్రసరణముల లయ మెఱుగైనది. పెద్దలు జపమునకు కూర్చున్నపుడు దేవునితోపాటు దేహమును గూడ సేవించుచుండిరని దీనివలన తెలియుచున్నది. జపమునందు నమ్మకము లేనివాడు అంకెలు లెక్కించుచు నాఱుమాఱులు శ్వాసించినను చాలును. దినమున కొక యరగంట చురుకుగా నడచుటయు నిట్టిదే. పరుగునకు సిద్ధమైన దేహమునకు కొంత పరుగైనను దక్కును.

మానవలసిన వలవాట్లును రెండు కలవు. ఒకటి వేళాపాళ లేని వార్తాసేవనము. వార్తాపత్రిక యుదయము నొక్కమాఱు వచ్చి, చదివిన పిమ్మట మడతపెట్టి యొకమూల నుంచుటకు లొంగును. చేతిలోని ఫోను లొంగదు. ప్రపంచమున నే మూల నే దుర్ఘటన జరిగినను భోజనముమధ్యనే వినిపించును. ఆ దుర్ఘటన విషయమున మనము చేయగలిగిన దేదియు చెప్పదు. కార్యమునకు త్రోవ చూపని భయము నిట్లు గంటగంటకు తెచ్చుకొనుట బుద్ధిమంతుల లక్షణము గాదు. రెండవది సాయంకాలపు కాఫీ. దానియందలి కెఫీనులో సగము దాదాపు అయిదుగంటలసేపు దేహమున నిలిచియుండును. సంజవేళ రెండు గ్లాసులు త్రాగి, రాత్రి గుండె దడదడలాడుచున్నదనుట, దానికి కారణము విధియనుట న్యాయముగాదు.

ఇంటియందు చింతను పంచుకొనుట యన్నింటికంటె ముఖ్యము. మన సంసారములలో పనులను కొంతవఱకైనను పంచుకొనుచున్నారు. పనుల జ్ఞాపకమును మాత్రము స్త్రీలకే విడిచిపెట్టినారు. బియ్య మెప్పటికి నిండుకొనును, గ్యాసు బండ యెప్పుడు చెప్పవలెను, అత్తగారి మాత్ర లేనాటితో సరి, పిల్లవాని రుసుమునకు గడు వెప్పుడు అను లెక్క లన్నియు నొక్క శిరస్సుననే మోయబడుచున్నవి. “చెప్పినచో చేసెదను గదా” యని భర్త యనును. చెప్పవలెనని జ్ఞాపకముంచుకొనుటయే యామె భారమని యాతడెఱుగడు. మందుల సంగతి యాతనిదైనచో తేదీతో సహా యాతనిదే కావలెను. అట్లు పూర్తిగా నొకటి రెండు విషయముల నప్పగించిన నాడు ఇల్లాలి చింతలో కొంత నిజముగా తొలగును.

ఉపాయములు చాలని చోటు

ఇంతవఱకు చెప్పినవి తిండికిని బట్టకును కొఱత లేనివారికి చాలవఱకు పనికివచ్చును. కాని దేశమున నందఱి చింతయు నొకటి గాదు. 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనమున తమిళనాట 464 మంది చెఱకురైతుల బుద్ధికుశలతను కోతకు ముందును, తరువాతను పరీక్షించిరి. కోతకు ముందు, చేత సొమ్మాడక అప్పులతో నున్న దినములలో, ఆ రైతులే తక్కువ కుశలత చూపిరి. పంట సొమ్ము చేతికి వచ్చిన పిదప మెఱుగైరి. మనుష్యుడొకడే, మాఱినది చేతిలోని సొమ్ము. పేదవాడు బుద్ధి తక్కువవాడగుటచే పేదవాడైనాడని చెప్పుకొను ధనికుల మాటకు దీనికంటె సూటియైన ప్రత్యుత్తర మక్కఱలేదు. పేదఱికమే మనస్సులోని చోటు నాక్రమించుకొని, ఆలోచనకు తావు లేకుండ చేయుచున్నది.

కావున అప్పులలో మునిగిన కౌలురైతునకు ప్రాణాయామమును మాత్రము బోధించి చేతులు దులుపుకొనుట పరిహాసము. వానికి సకాలమున న్యాయమైన వడ్డీకి ఋణము కావలెను. పంటకు బీమా కావలెను. ధాన్యమునకు గిట్టుబాటు ధర కావలెను. నెల జీతము నెల దాటినను చేతికందని చిన్నయుద్యోగికి జీతమే మందు. ప్రజల చింతలలో ప్రభుత్వము తీర్పగలవి యున్నవి. సమాజము తీర్పగలవి యున్నవి. వానిని తీర్పక, మనస్సు నదుపులో నుంచుకొండని యుపదేశించుట తగదు. నిజమైన కొఱతను నిజముగా తీర్చిన పిదప మిగిలిన చింతకే పై యుపాయములు వర్తించును.

చింత వ్యాధి యగుటయు కలదు. ఆఱునెలలపాటు దాదాపు ప్రతిదినమును ఆపుకొనలేని చింత, దానితోపాటు నిద్రలేమి, అలసట, చిఱాకు, కండరముల బిగువు, పనియందు మనస్సు నిలువకుండుట కనబడినయెడల వైద్యుని చూడవలెను. గళగ్రంథి మితిమీఱి పనిచేసినను గుండెదడయు కంగారును కలుగును గనుక దేహపరీక్షయు నవసరము. ఈ వ్యాధికి చికిత్స కలదు. తలంపులను పరీక్షించి సరిదిద్దుకొన నేర్పు చికిత్సయు, మందులును పెక్కుమందికి గుణమిచ్చుచున్నవి. ప్రపంచమున 2019లో 30 కోట్లమందికి పైగా ఆందోళనవ్యాధులతో నుండిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. మన దేశమున 12 రాష్ట్రములయందు 2015-16లో జరిగిన జాతీయ సర్వేలో వయోజనులలో నూటికి 10.6 మంది యేదో యొక మానసికవ్యాధితో నుండినట్లును, వారిలో నత్యధికులకు చికిత్స యందనట్లును తేలినది.

అందకుండుటకు వైద్యులు చాలకపోవు టొక కారణము. సిగ్గు మఱియొక కారణము. ఎఱ్ఱగడ్డ యనగానే నవ్వుట, చినవాల్తేరు పేరెత్తగనే యెగతాళి చేయుట మన కలవాటైనది. హైదరాబాదునందును విశాఖపట్టణమునందును గల ఆ మానసికవైద్యశాలలు వేలకొలది కుటుంబముల నాదుకొన్నవి. వాని పేళ్లను తిట్లుగా వాడుకొనుటవలన చికిత్స కావలసినవారే గడప దాటకున్నారు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము ప్రభుత్వసేవలయందు మానసికచికిత్స పొందు హక్కును ప్రతి వ్యక్తికి నిచ్చినది. 2022 అక్టోబరునుండి టెలీ మానస్ అను సేవయు నడచుచున్నది. 14416 అను సంఖ్యకు ఫోనుచేసినచో రేయింబవళ్లు, ఉచితముగా, తెలుగుననే మాటలాడవచ్చును. బ్రతుకు భారమై, ప్రాణముపై విరక్తి కలుగుచున్న దని తోచినవారు అరగంటల పద్ధతులకై వేచియుండక వెంటనే ఆ సంఖ్యకు పిలువవలెను. లేదా దగ్గఱి యాసుపత్రికి పోవలెను. ఇంటివారు వారి నొంటరిగా విడువరాదు.

తుదకు గృహములయం దాచరింపదగిన చిన్న మర్యాద యొకటి కలదు. ఎవరైనను తమ చింతను చెప్పుకొన్నపుడు “నీ దొక చింతయా? నా సంగతి వినుము” అని తమ కథ నెత్తుకొనువారును, “అన్నియు నవే సర్దుకొనును” అని మాట త్రుంచువారును మనలో మెండు. రెండును తలుపు మూయుటయే. దానికి మాఱుగా “ఇందులో నేను చేయదగినది యేమైన కలదా?” అని యడిగి చూడవలెను. కలదన్నచో చేయవలెను, లేదన్నచో కొంతసేపు వినవలెను. ఫలితములు వెలువడు వారములో విద్యార్థితోను, కోతల దినములలో రైతుతోను, రాత్రి పదిగంటలకు గుమ్మమువద్ద నిలిచిన తల్లితోను ఈ యొక్కమాట యన్నచో, విచారము విచారణగా మాఱుటకు వారి యింటనే నాంది కలుగును.